అన్నంలోకి ఏమిటి?

పొద్దున్న కాఫీలు కాగానే మన ఇళ్ళల్లో పుట్టే మొదటి ప్రశ్న "ఇవాళ అన్నంలోకి ఏమిటి?" అని. అన్నం వుంటుందా అని మాత్రం ఎవరూ అడగరు. అది సూర్యోదయం లాంటిది, దాని మానాన అది వుంటుంది. చిక్కంతా ఆ "లోకి" దగ్గరే వస్తుంది. పోనీ పప్పు చేశామనుకోండి, అందులోకి నంజుకోవడానికేమిటి అని ఇంకో ప్రశ్న. అప్పడమా, వడియమా, వూరమిరపకాయా? రోజూ దీనికి జవాబు వెతికీ వెతికీ, ఈ బాధ మనకేనా, లోకంలో ఇంకెవరికైనా వుందా అని మీకెప్పుడైనా అనిపించిందా? నాకనిపించింది. చూడబోతే మనలాగే అన్నమూ, పప్పులాంటి గింజలూ తిని, పక్కనేం పెట్టుకోవాలా అని ఆలోచించే జనం భూగోళానికి అవతలి పక్కన బోలెడంతమంది వున్నారు. వాళ్ళలో ముందుగా చెప్పుకోవలసింది క్యూబావాళ్ళని.

క్యూబా అనగానే మనకు పంచదారా, చుట్టలూ, గడ్డం కాస్ట్రోగారూ గుర్తుకొస్తారు. అక్కడి ఇల్లాలికి మాత్రం ముందు గుర్తుకొచ్చేవి నల్ల చిక్కుడు గింజలు. వాళ్ళ స్పానిష్ భాషలో ఫ్రిహోలెస్ నెగ్రోస్ అంటారు. నల్లగా వున్నాయి కదా అని మినుములనుకునేరు! మినుములు అచ్చంగా మన దేశంలో పుట్టిన పంట. ఈ గింజలు మన బజార్లో దొరికే రాజ్మాకి తోబుట్టువులు. జాతి ఒకటే, రంగే వేరు. పైన నిగనిగలాడే నలుపు, లోపల తెలుపు. ఉడికించిన నీళ్ళు సిరాబుడ్డి ఒలికినట్టుంటాయి.

వండే తీరు చెబితే మీకు కొత్తగా ఏమీ తోచదు. గింజల్ని రాత్రే నానబోస్తారు. పొద్దున్నే మెత్తగా వుడికిస్తారు. వేరే మూకుడులో నూనె పోసి వుల్లిపాయ, వెల్లుల్లి, పెద్ద పచ్చిమిరప (మనం కేప్సికం అంటామే, అదీ) సన్నగా తరిగి వేయిస్తారు. జీలకర్ర పొడీ, బిర్యానీ ఆకులాంటి ఒక ఆకూ, ఒరెగానో అనే ఘాటైన ఎండాకూ చేరుస్తారు. ఆ తాలింపుని గింజల్లో కలిపి చిక్కబడేదాకా సన్నసెగన మరగనిస్తారు. దించబోయే ముందు ఒక చెంచా వెనిగరు, చిటికెడు పంచదార. పులుపూ, తీపీ! మన పులుసులో చింతపండు పడ్డాక బెల్లం ముక్క వేసినట్టే కదూ? ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ జాతి గింజల్ని పలుకుగా తినకూడదు. సరిగ్గా వుడకకపోతే కడుపులో తిప్పి వాంతులవుతాయి. బాగా మరిగాక ఆ దోషం పోతుంది.

ఈ గింజల్నీ అన్నాన్నీ విడివిడిగా వడ్డించుకోవచ్చు. గింజలు వుడికిన నల్లనీళ్ళలోనే బియ్యం పోసి కలిపి వండుకోనూవచ్చు. అలా కలిపి వండినదానికి ఒక గమ్మత్తయిన పేరుంది: మోరోస్ ఈ క్రిస్తియానోస్. అంటే "మూర్లూ, క్రైస్తవులూ" అని. నల్లగింజలు మూర్లట, తెల్ల అన్నం క్రైస్తవులట. అన్నం పేరులో యుద్ధమేమిటండీ అని నేనూ ఆశ్చర్యపోయాను. ఆ పేరు పట్టుకుని వెనక్కి వెళితే ఎనిమిది వందల ఏళ్ళ చరిత్ర తగిలింది.

711లో ఉత్తర ఆఫ్రికానుంచి ముస్లిం సేనలు సముద్రం దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టాయి. వాళ్ళనే స్పెయిన్ జనం మూర్లన్నారు. దేశంలో చాలా భాగం వాళ్ళ ఏలుబడిలోకి వెళ్ళింది. క్రైస్తవ రాజులు ఒక్కొక్క వూరే తిరిగి గెలుచుకుంటూ వచ్చి, చివరికి 1492 జనవరి 2న గ్రెనడా కోటను పట్టుకున్నారు. ఆ యుద్ధాల్ని తలుచుకుంటూ స్పెయిన్ వూళ్ళల్లో యిప్పటికీ తిరునాళ్ళు చేస్తారు. సగంమంది మూర్ల వేషం, సగంమంది క్రైస్తవుల వేషం వేసుకుని వీధుల్లో వుత్తుత్తి యుద్ధం చేస్తారు. ఆ తిరునాళ్ళ పేరే సముద్రం దాటి వెళ్ళి క్యూబాలో అన్నం గిన్నెమీద కూర్చుంది.

ఇంతకీ ఇందులో వున్న తమాషా చెబుతాను వినండి. క్రైస్తవుడని పేరు పెట్టిన ఆ తెల్ల అన్నాన్ని స్పెయిన్‌కి తెచ్చి పండించింది ఎవరు? మూర్లే! వలెన్సియా చిత్తడి నేలల్లో కాలవలు తీసి వరి నాటించింది వాళ్ళే. స్పానిష్‌లో బియ్యాన్ని అర్రోస్ అంటారు, అది అరబ్బీ మాట. మరి మూరు అని పేరు పెట్టిన ఆ నల్లగింజ? దాని మొహం ఏ మూరూ ఎరగడు. అది అమెరికా ఖండంలో పుట్టింది. మెక్సికో ప్రాంతపు రైతులు కొన్ని వేల ఏళ్ళ కిందటే మొక్కజొన్న, గుమ్మడి, చిక్కుడు మూడూ ఒకే మడిలో కలిపి పండించేవారు. గ్రెనడా పడిన ఆ 1492లోనే అక్టోబరు నెలాఖరుకి కొలంబస్ క్యూబా చేరాడు. ఇక్కడి చిక్కుళ్ళు మన చిక్కుళ్ళలాంటివి కావని నవంబరు మొదట్లో తన దినచర్యలో రాసుకున్నాడు. అంటే పేర్లు పూర్తిగా తారుమారయ్యాయన్నమాట. కంచంలో అసలు మూరు అన్నమే.

1609లో స్పెయిన్ రాజు మూర్ల సంతతివాళ్ళని, మతం మార్చుకున్నవాళ్ళతో సహా, దేశంనుంచి వెళ్ళగొట్టమని వుత్తరువిచ్చాడు. లక్షలమంది కట్టుబట్టలతో ఓడలెక్కారు. మనుషుల్ని వెళ్ళగొట్టారు గాని, వాళ్ళు వేసిన వరిమళ్ళనీ నారింజ చెట్లనీ వెళ్ళగొట్టలేదు. రాజులకి కావలసింది రాజ్యం కాబోలు, కడుపుకి కావలసింది మాత్రం వదులుకోరు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. నల్లగింజల అన్నంలోకి క్యూబావాళ్ళు ఏం నంజుకుంటారు?

మొదటిది అరటికాయ. బాగా పండి తొక్క నల్లబడిన కూరఅరటిని ఏటవాలుగా ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. తియ్యగా, అంచులు ఎర్రగా కాలి వుంటాయి. పచ్చికాయనయితే మందంగా కోసి ఒకసారి వేయించి, అదిమి బిళ్ళలు చేసి మళ్ళీ వేయిస్తారు, పైన వుప్పు చల్లుతారు. అరటి పుట్టిల్లు మన ఆసియా వైపే. 1516లో తోమాస్ దె బెర్లాంగా అనే సన్యాసి కెనరీ దీవులనుంచి పిలకలు తీసుకెళ్ళి పక్కనున్న హిస్పనియోలా దీవిలో నాటించాడు. అక్కణ్ణుంచి ఆ దీవులన్నిటా అల్లుకుపోయింది.

రెండోది కర్రపెండలం. ఇది మాత్రం వాళ్ళ సొంత పంట. కొలంబస్ వెళ్ళేసరికే అక్కడి తైనో జాతి ఆడవాళ్ళు దాన్ని తురిమి, విషపు రసం పిండేసి, పెద్ద పెద్ద రొట్టెలు కాల్చేవారు. తరవాత కొన్ని దశాబ్దాల్లోనే రోగాలతోనూ, గనుల చాకిరీతోనూ ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వాళ్ళ దుంప మాత్రం మిగిలింది. అది తిరుగుటపాలో మన దేశానికి కూడా వచ్చింది. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం తీసేది దాన్నుంచే. మనం వడియాలు పెట్టుకునే సగ్గుబియ్యానికి మేనమామలు క్యూబాలో వున్నారన్నమాట!

వుడికించిన ఆ దుంపమీద పోసేది మోహో అనే పులుపు. వెల్లుల్లి దంచి కాగిన నూనెలో వేసి, అందులో పుల్ల నారింజ రసం పిండుతారు. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. నారింజని వాళ్ళు నరాంహా అంటారు. సంస్కృతంలో నారంగం, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పెయిన్‌లో నరాంహా. పండు ఎంత దూరం నడిచిందో పేరూ అంత దూరం నడిచింది. మన శర్కర కూడా అంతే. అరబ్బీలో సుక్కర్ అయి, స్పెయిన్‌లో అసూకర్ అయింది. ఆ చెరకు గడల్నే 1493లో కొలంబస్ రెండోసారి వెళుతూ తీసుకెళ్ళాడు. క్యూబా కష్టాలన్నిటికీ ఆ చెరకుగడే మూలమయింది.

అన్నట్టు, మనం వాళ్ళకి చెరకూ బియ్యమూ అరటీ పంపించామే, వాళ్ళు మనకేం పంపించారు? మిరపకాయ! పోర్చుగీసువాళ్ళ ఓడల్లో అమెరికానుంచి మనకొచ్చింది. గుంటూరువాళ్ళు అది తమ పుట్టినింటి ఆస్తి అన్నంతగా సొంతం చేసుకున్నారు. విచిత్రమేమిటంటే, క్యూబావాళ్ళు కారం తినరు. వాళ్ళ వంటలు మన నోటికి చప్పగా వుంటాయి. కారమంతా మనకిచ్చేసి తీపంతా వాళ్ళు పుచ్చుకున్నట్టున్నారు.

మాంసం తినే ఇళ్ళల్లో మూడో జోడీ రోపా వియేహా. మాటకి అర్థం "పాతబట్టలు". మాంసాన్ని పీచుపీచుగా వుడికించి, టమాటా రసంలో వేస్తారు. చిరిగిన గుడ్డపేలికల్లాగా కనిపిస్తుంది కనుక ఆ పేరు. దీనికొక కథ చెప్పుకుంటారు. ఒక పేద ముసలాయన చుట్టాలొస్తే పెట్టడానికేమీ లేక తన పాతబట్టలు చింపి కుండలో వేసి దేవుణ్ణి తలుచుకున్నాడట, మూత తీస్తే ఘుమఘుమలాడే కూరట. కథ కల్పితమే. నిజానికిది స్పెయిన్ నుంచీ కెనరీ దీవుల నుంచీ వచ్చిన వంట, నిన్నటి పులుసులో మిగిలిన మాంసాన్ని ఇవాళ మళ్ళీ కొత్తగా చేసే యిల్లాలి నేర్పు. కాని అలాంటి కథ పుట్టిందంటే, ఖాళీ కుండ ముందు నిలబడిన అనుభవం ఆ జనానికి గట్టిగానే వుందనుకోవాలి.

వుంది మరి. 1791లో పక్కనున్న హైతీలో బానిసలు తిరగబడ్డారు. ప్రపంచానికి పంచదార ఇచ్చే ఆ దీవిలో మిల్లులు తగలబడ్డాయి. ఆ గిరాకీ అంతా క్యూబాకి వచ్చిపడింది. తోటలకి మనుషులు కావాలని ఆఫ్రికానుంచి ఓడలమీద ఓడలు దింపారు. బానిస వ్యాపారం సాగినన్నాళ్ళలో క్యూబాలో దిగినవాళ్ళు ఏడు లక్షల పైచిలుకు. వాళ్ళకి పెట్టింది ఎండబెట్టిన వుప్పుమాంసం, వుప్పుచేప, అరటికాయలు, దుంపలు, గింజలు. చెరకు కోతల రోజుల్లో రాత్రీపగలూ చాకిరీ. అన్నంలోకి ఏమిటని అడిగే హక్కు ఆ తల్లులకి లేదు.

హైతీనుంచి పారిపోయి వచ్చినవాళ్ళు తూర్పు క్యూబాలో ఇంకో అన్నం నేర్పారు. ఎర్రగింజలు కలిపి వండే దాన్ని కొంగ్రీ అంటారు. వాళ్ళ యాసలో గింజని కొంగో అనీ, బియ్యాన్ని రీ అనీ అంటారనీ, రెండూ కలిసి ఆ పేరయిందనీ ఫెర్నాందో ఓర్తీస్ అనే క్యూబా పండితుడు వివరించాడు. ఈయనే 1939లో ఒక వుపన్యాసంలో, క్యూబా జాతిని అహియాకో అనే వాళ్ళ కలగూర పులుసుతో పోల్చాడు. అక్కడివాళ్ళూ, వచ్చినవాళ్ళూ, తెచ్చినవాళ్ళూ అందరూ ఒకే కుండలో పడ్డారట. మంట మాత్రం ఇంకా ఆరలేదట.

ఆ కుండలో చైనావాళ్ళు కూడా పడ్డారు. 1847 నుంచి 1874 దాకా దాదాపు లక్షా పాతికవేలమందిని ఎనిమిదేళ్ళ ఒప్పందంమీద, నెలకి నాలుగు పెసోల కూలికి క్యూబాకి తీసుకొచ్చారు. మన కోరంగి రేవునుంచి తెలుగువాళ్ళు కూలిపనికని మారిషస్‌కీ బర్మాకీ ఓడలెక్కింది కూడా ఆ శతాబ్దంలోనే. ఒప్పందం తీరి బతికి బయటపడ్డ చైనావాళ్ళు హవానాలో కూరగాయలు పండించి, పూటకూళ్ళ దుకాణాలు పెట్టారు. బానిసత్వం క్యూబాలో 1886లో గాని పోలేదు.

ఇరుగుపొరుగు దేశాల్లోనూ ఇదే అన్నం, నంజుళ్ళే వేరు. కోస్టారికాలో రాత్రి మిగిలిన అన్నాన్నీ నల్లగింజల్నీ పొద్దున్నే కలిపి తాలింపు పెట్టి, గుడ్డుతోనూ, మీగడతోనూ, మొక్కజొన్న రొట్టెతోనూ తింటారు. దానిపేరు గాయో పింతో, అంటే "చుక్కల కోడిపుంజు". మన చద్దన్నం తాలింపే! వెనెజువేలాలో తెల్ల అన్నం, నల్లగింజలు, పీచుమాంసం, వేయించిన అరటి, నాలుగూ నాలుగు పక్కల సర్దుతారు. బ్రెజిల్లో నల్లగింజల్ని పందిమాంసంతో వండే ఫెజ్వాదలోకి అన్నం, సన్నగా తరిగి వేయించిన ఆకుకూర, కర్రపెండలం పిండి వేపుడు, చివర్న నారింజ తొనలు. యజమానులు పారేసిన ముక్కలతో బానిసలు ఈ వంట కనిపెట్టారని అందరూ చెప్పుకుంటారు. చరిత్రకారులు ఒప్పుకోరు. పోర్చుగల్లో ఇలాంటి కలగలుపు కూరలు ముందునుంచీ వున్నాయనీ, 19వ శతాబ్దం తొలి సగంలోనే రెసీఫె వూళ్ళో హోటల్ భోజనంగా పత్రికలకెక్కిందనీ అంటారు. బానిసలకి ఎక్కువగా దక్కింది గింజలూ, దుంపపిండీను. 1888 మే 13న యువరాణి ఇసబెల్ సంతకం పెడితే గాని అక్కడ బానిసత్వం రద్దు కాలేదు.

మా చిన్నాన్న కూతురు మయామీలో వుంటుంది. 1959లో విప్లవం వచ్చాక లక్షలమంది క్యూబావాళ్ళు చేరిన వూరది. వెళ్ళిన కొత్తలో ఫోను చేసి, "అక్కయ్యా, ఇక్కడ హోటల్లో మనకి పనికొచ్చేది అన్నమూ నల్లగింజలూ ఒక్కటే. అరటిపండు వేపుడు కూడా ఇస్తారు. కాని గింజల్లో మాంసం ముక్క వేశారా అని ముందే అడగాలి" అంది. ఇప్పుడు ఇంట్లోనే వండుతోంది. అందులోకి మాగాయ నంజుకుంటుందట. ఓర్తీస్ గారి కుండలో మన ముక్క కూడా ఒకటి పడిందన్నమాట!

అన్నమూ గింజలూ కలపడంలో తెలివి కూడా వుంది. బియ్యపు మాంసకృత్తుల్లో లైసిన్ అనే పదార్థం తక్కువ, గింజల్లో అది ఎక్కువ. గింజల్లో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో వుంది. ఒకదాని లోటు ఒకటి పూడుస్తాయి. పేరంటంలో పప్పన్నం పెట్టిన మన అమ్మమ్మలకీ, క్యూబా అమ్మమ్మలకీ ఈ మాటలు తెలియవు, ఫలితం తెలుసు.

తెలిసీ ఏం లాభం, సరుకు వుండాలిగా? 1950లలో క్యూబా తినే బియ్యంలో పెద్ద వాటా అమెరికానుంచి వచ్చేది. 1962 ఫిబ్రవరిలో అమెరికా వ్యాపారం పూర్తిగా ఆపేసింది. మార్చిలో క్యూబా ప్రభుత్వం రేషను పుస్తకం పెట్టింది. తలకింత బియ్యం, ఇన్ని గింజలు, ఇంత నూనె. మన రేషను షాపు వరసలో నిలబడ్డ వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అరవయ్యేళ్ళు దాటినా ఆ పుస్తకం పోలేదు, అందులో దొరికే సరుకు మాత్రం తగ్గుతూ వచ్చింది.

ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన ఒకావిడ కనిపిస్తుంది. పేరు నీత్సా వియాపోల్. 1923లో పుట్టి 1998లో హవానాలో పోయింది. విప్లవానికి ముందే టెలివిజన్లో "నిమిషంలో వంట" అనే అర్థం వచ్చే పేరుతో వంటలు చెప్పడం మొదలుపెట్టి నలభయ్యేళ్ళకి పైగా చెప్పింది. అదే పేరుతో పుస్తకం వేస్తే క్యూబాలో ఇంటింటికీ చేరింది. దేశం వదిలి వెళ్ళినవాళ్ళు కూడా పెట్టెలో ఆ పుస్తకం పెట్టుకుని వెళ్ళారు. మొదట్లో వెన్నా, మాంసమూ దండిగా వాడిన ఆవిడ, సరుకు తగ్గేకొద్దీ ప్రశ్నని తిరగేసింది. ఈ వంటకి ఏమేం కావాలి అని అడగడం మానేసి, ఇంట్లో వున్నవాటితో ఏ వంట అవుతుంది అని అడగడం మొదలుపెట్టింది. గుడ్డు లేకుండా, నూనె తగ్గించి, ఇది లేకపోతే అది వేసి. కొందరు ఆవిణ్ణి లేమికి మెరుగులు దిద్దింది అని ఎగతాళి చేశారు. చేసినవాళ్ళు బహుశా వంటింట్లోకి వెళ్ళి వుండరు.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో అక్కణ్ణుంచి వచ్చే చమురూ, తిండీ ఆగిపోయాయి. ఆ ఏళ్ళని క్యూబావాళ్ళు "ప్రత్యేక కాలం" అంటారు. పంపరపనసలాంటి పండు తొక్క లోపలి తెల్లభాగాన్ని నానబెట్టి, మసాలా పట్టించి, మాంసం ముక్కలాగా వేయించారు. అరటితొక్కలతో కూర చేశారు. అప్పుడే 1991, 1993 మధ్య యాభైవేల మందికి పైగా చూపు మందగించడం, కాళ్ళు తిమ్మిరెక్కడం మొదలయింది. తిండిలో విటమిన్లు కొరవడ్డమే ముఖ్యకారణమని తేల్చి, ప్రభుత్వం ఇంటింటికీ విటమిను మాత్రలు పంచింది. తాము తినకుండా పిల్లలకి పెట్టిన తల్లులెందరో ఏ పుస్తకంలోనూ లెక్కరాయరు.

2005 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, కాస్ట్రో గంటల తరబడి వుపన్యాసం ఇచ్చాడు. అందులో ముఖ్యమైన ప్రకటన ఏమిటో తెలుసా? ఇళ్ళకి చౌకగా ప్రెషర్ కుక్కర్లు ఇస్తామని! అమెరికాతో నలభయ్యేళ్ళు తలపడ్డ మనిషి, నల్లగింజలు ఎంతసేపటికి వుడుకుతాయో, ఎంత కరెంటు మిగులుతుందో లెక్కలు చెప్పాడు. లోకం నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. పొయ్యి ముందు మూడు గంటలు నిలబడ్డవాళ్ళకి అది చిన్న సంగతి కాదు. ఆ లెక్క అంత ఆలస్యంగా వేశారేమిటా అనిపించింది, అంతే.

మీరూ ఒకసారి చేసి చూడండి. నల్లగింజలు దొరకకపోతే రాజ్మా అయినా సరే. రాత్రి నానబోసి, పొద్దున్నే కుక్కర్లో మెత్తగా వుడికించి, పైన చెప్పిన తాలింపు పెట్టండి. పక్కన పండిన అరటి ముక్కల వేపుడు, నిమ్మకాయ పిండిన వుల్లిపాయ ముక్కలు, ఓపికుంటే కర్రపెండలమో, కందో వుడికించి వెల్లుల్లి నూనె. ఇవేవీ ఇంట్లో లేకపోతే కంగారు పడకండి. నీత్సమ్మని తలుచుకుని అలమారు తలుపు తీయండి. ఏదో ఒకటి వుండే వుంటుంది.